రైలు కంపెనీలు కలిసిపోతే కార్మికుడికి ఆరేళ్ల హామీ! మిగతా వాళ్లకు ఎందుకు లేదు?

మిస్సోరీ_తీరం
నేను పనిచేసిన సాఫ్ట్‌వేర్ కంపెనీని పోయిన ఏడాది ఇంకో కంపెనీ కొనేసింది. నాది పదకొండేళ్ల సర్వీసు. ఒక మంగళవారం పొద్దున్న పావుగంట ఫోనులో మాట్లాడి, ఎనిమిది వారాల జీతం చేతిలో పెట్టి ఇంటికి పంపారు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

కాన్సస్ సిటీలో మా పక్కింటి పెద్దాయన రైలు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. టికెట్లు చూసే ఉద్యోగం కాదు, గూడ్సు బండి బాధ్యత చూసే ఉద్యోగం, మన గార్డు లాంటిది. నా సంగతి విని లోపలికి వెళ్లి ఒక అట్ట ఫైలు తెచ్చారు. వాళ్ల కంపెనీ మరో కంపెనీలో కలిసినప్పుడు ఆయన పాత పని పోయి, జీతం తక్కువున్న పని దొరికిందట. ఆ తేడా డబ్బును కంపెనీ ఆరేళ్ల పాటు నెలనెలా కట్టిందట! నెలకో ఫారం, అన్నీ వరసగా గుచ్చి ఉన్నాయి. అట్ట మీద ‘న్యూయార్క్ డాక్’ అని రాసుకున్నారు. ఆయన జన్మలో న్యూయార్క్ చూడలేదు.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది? ఆయనకున్న హక్కు నాకెందుకు లేదు? తెలిసిన వాళ్లు చెప్పండి.

చిన్నరైలు
ఆరేళ్లంటే 72 ఫారాలు. ఆ ఫైలుకే సీనియారిటీ ఇవ్వొచ్చు.

పాత_టైమ్‌టేబుల్
మీ పక్కింటాయన చెప్పింది అక్షరాలా నిజం. కథ కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

1920 నాటికి అమెరికా రైల్వేల్లో సుమారు 20 లక్షల మంది పనిచేసేవాళ్లు. చిన్నా పెద్దా కంపెనీలు లెక్కలేనన్ని ఉండేవి. వీటిని కలిపేస్తే ఖర్చు తగ్గుతుందని ప్రభుత్వమే 1920 రవాణా చట్టంలో విలీనాలను ప్రోత్సహించింది. ఖర్చు తగ్గడమంటే ఏమిటి? ఒకే ఊళ్లో ఉన్న రెండు స్టేషన్లలో ఒకటి మూయడం, రెండు షెడ్లలో ఒకటి ఎత్తేయడం. అందులో పనిచేసేవాళ్ల గురించి ఆ చట్టంలో ఒక్క ముక్క లేదు.

తరువాత ఆర్థిక మాంద్యం వచ్చింది. 1933లో రూజ్‌వెల్ట్ హయాంలో అత్యవసర రైలు రవాణా చట్టం చేసి, జోసెఫ్ ఈస్ట్‌మన్‌ను సమన్వయకర్తగా పెట్టారు. కంపెనీలు సౌకర్యాలు కలిపి వాడుకోవాలని ఆయన ఒత్తిడి పెట్టాలి. కార్మిక సంఘాలు ఊరుకోలేదు. ఆ చట్టం కింద తీసుకునే చర్యల వల్ల ఉద్యోగుల సంఖ్య 1933 మేలో ఉన్న దానికన్నా తగ్గకూడదని పట్టుబట్టి రాయించాయి. చనిపోయిన వాళ్లు, రిటైరైన వాళ్లు, రాజీనామా చేసిన వాళ్ల ఖాళీలను మాత్రం నింపకుండా వదిలేయవచ్చు, అదీ ఏడాదికి 5 శాతం మించకుండా. మనుషులను తీసేయడానికి వీల్లేదనగానే కంపెనీలకు విలీనం మీద మోజు పోయింది. పెద్దగా ఏదీ కలవలేదు.

లెక్కల_మాస్టారు
చూశారా, మీరే చెప్పారు. రక్షణ పెట్టగానే విలీనాలు ఆగిపోయాయి. ఒక పని ఇద్దరు చేస్తుంటే ఒకరితో చేయించడం తప్పెలా అవుతుంది? ఆ ఖర్చంతా చివరికి సరుకు పంపే రైతు నెత్తినే కదా పడేది?

పాత_టైమ్‌టేబుల్
మాస్టారూ, తొందరపడకండి, 1936 ఇంకా రాలేదు.

ఆ చట్టానికి గడువు 1936 జూన్‌లో తీరుతుంది. తీరగానే తమ మెడ మీద కత్తి పడుతుందని కార్మికులకు తెలుసు. అందుకని ఇంకా కఠినమైన చట్టం కోసం పార్లమెంటులో వీలర్–క్రాసర్ బిల్లు పెట్టించారు. అది పాసయితే తమ పని అయిపోతుందని కంపెనీలకు భయం. ఇద్దరినీ కూర్చుని తేల్చుకోమని రూజ్‌వెల్ట్ చెప్పాడు. 1936 మే 21న వాషింగ్టన్‌లో సంతకాలయ్యాయి. దాన్ని వాషింగ్టన్ ఉద్యోగ రక్షణ ఒప్పందం అంటారు. 21 సంఘాల్లో 20, దేశంలోని రైల్వేల్లో చాలా భాగం అందులో చేరాయి.

అందులో ఏముందంటే: విలీనానికి 90 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఉద్యోగం పోతే అంతకు ముందు 12 నెలల సగటు జీతంలో 60 శాతం భత్యంగా ఇవ్వాలి. ఎంతకాలమన్నది సర్వీసును బట్టి ఉంటుంది. రెండేళ్లు నిండని వాడికి ఆరు నెలలు, పదిహేనేళ్లు దాటిన వాడికి అయిదేళ్లు. ఉద్యోగం ఉండి జీతం తగ్గితే ఆ తేడా అయిదేళ్లు కట్టాలి. వేరే ఊరు వెళ్లమంటే సామాను ఖర్చు, ఇల్లు నష్టానికి అమ్ముకుంటే ఆ నష్టం కూడా కంపెనీదే.

ఇది 1936 మాట. నిరుద్యోగ భృతి అన్నదే అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులు. ఏ జడ్జీ ఇచ్చింది కాదు, ఏ దొరగారూ దయతలచింది కాదు. ఎదురెదురుగా కూర్చుని బేరమాడి తెచ్చుకున్నది.

గుంతకల్లు_జంక్షన్
ఇల్లు అమ్ముకున్న నష్టం కూడా 1936లోనే రాయించారా! ముప్ఫై ఏళ్ల నౌకరీలో నాలుగుసార్లు బదిలీ అయిన మనిషిగా ఆ ఒక్క వాక్యం రాయించిన వాడికి దండం పెడుతున్నాను.

మిస్సోరీ_తీరం
అయిదేళ్లు ఆరేళ్లు ఎలా అయింది? న్యూయార్క్ ఎక్కడి నుంచి వచ్చింది?

వకీలు_విశాఖ
కోర్టుల సంగతి నేను అందుకుంటాను. ఒప్పందం మీద సంతకం చేయని కంపెనీని ఏం చేయాలన్నది అసలు ప్రశ్న. విలీనానికి అనుమతి ఇవ్వాల్సింది అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్. “అనుమతి ఇస్తాం, కానీ కార్మికులకు ఇంత కట్టాలి” అని అది షరతు పెట్టవచ్చా? రాక్ ఐలండ్ రైల్వే ట్రస్టీలు కూడదన్నారు. 1939లో లౌడెన్ కేసులో సుప్రీంకోర్టు, పెట్టవచ్చని తేల్చింది. కార్మికుడిని న్యాయంగా చూడటానికీ రైళ్లు సజావుగా నడవడానికీ సంబంధం ఉంది, కాబట్టి అది ప్రజాప్రయోజనమే అన్నది.

మరుసటి ఏడాది, 1940లో, ఇది చట్టానికెక్కింది. అయోవా సభ్యుడు హారింగ్టన్ ఒక సవరణ తెచ్చాడు: ఒక్కరి ఉద్యోగం పోయినా సరే, ఆ విలీనానికి అనుమతి ఉండకూడదు. సభలో నెగ్గింది కానీ చివరి బేరంలో పలచనైంది. విలీనం జరిగిన నాలుగేళ్ల పాటు ఉద్యోగి పరిస్థితి అంతకు ముందుకన్నా ‘అధ్వానం’ కాకూడదు అన్న వాక్యం మిగిలింది.

ఇరవై ఏళ్ల తరువాత ఆ మాట మీదే కొట్లాట. 1960లో ఈరీ, లాకవానా రైల్వేలు కలిశాయి. ‘అధ్వానం కాకూడదు’ అంటే ఉద్యోగం ఉండి తీరాలని అర్థమని ట్రాక్ కార్మికుల సంఘం వాదించింది. డబ్బు కడితే చాలు, ఉద్యోగం ఉండక్కర్లేదు అని 1961లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తానికి మలుపు అదే. అప్పటి నుంచి చట్టం కాపాడేది ఉద్యోగాన్ని కాదు, కొన్నేళ్ల జీతాన్ని.

చిన్నరైలు
కంపెనీలకు పెళ్లి. అప్పగింతల ఏడుపు మాత్రం కార్మికుడిది.

లెక్కల_మాస్టారు
నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ రైల్వేలు కలిసి అయిన పెన్ సెంట్రల్ సంగతి ఎవరూ ఎత్తరేం? 1964లోనే సంఘాలకు జీవితకాల ఉద్యోగ హామీ రాసిచ్చారు. 1968 ఫిబ్రవరి 1న విలీనం, 1970 జూన్ 21న దివాలా. రెండున్నరేళ్లు కూడా నిండలేదు. దానికి ఈ హామీల బరువు కారణం కాదంటారా?

పాత_టైమ్‌టేబుల్
ఒక కారణం కాదనను. అసలు కారణం అంటే మాత్రం ఒప్పుకోను. పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ వందేళ్లుగా ఉప్పూ నిప్పూ. విలీనమయ్యాక కూడా ఆఫీసర్లు ఎర్ర జట్టు, ఆకుపచ్చ జట్టుగా చీలిపోయి ఒకరి మాట ఒకరు వినలేదు. రెండు కంపెనీల కంప్యూటర్లకు పొత్తు కుదరలేదు. వ్యాగన్లు ఎక్కడున్నాయో తెలియక యార్డులు స్తంభించాయి. ప్రయాణికుల బండ్లలో నష్టాలు. సరుకంతా లారీల పాలవుతోంది. యార్డులో వ్యాగన్ తప్పిపోవడానికి గుమస్తాకు ఇచ్చిన హామీ కారణమా, చెప్పండి మాస్టారూ.

లెక్కల_మాస్టారు
ఎర్ర జట్టు, ఆకుపచ్చ జట్టు సంగతి నాకు తెలియదు. ఒప్పుకుంటున్నాను. కానీ దివాలా తరువాత ఆ హామీ బరువు ప్రభుత్వం మోసింది కదా. దివాలా తీసిన రైల్వేలను కలిపి ప్రభుత్వం పెట్టిన కాన్‌రెయిల్ కోసం చేసిన చట్టంలో అయిదేళ్ల సర్వీసు దాటిన వాళ్లకు 65 ఏళ్ల వయసు దాకా భత్యం రాశారు. 25 కోట్ల డాలర్లు కేటాయించారు. 1980ల మొదటికే నిధి అడుగంటింది. 1981లో చట్టం మార్చి, ఒక్కొక్కరికి 20 వేల డాలర్లు దాటకూడదని గిరి గీశారు. మోయలేని హామీ ఇవ్వడం కార్మికుడికి కూడా మేలు కాదనేదే నా బాధ. నేను కార్మికులకు వ్యతిరేకిని కాను, మా నాన్న మిల్లు కార్మికుడు.

వకీలు_విశాఖ
మాస్టారి బాధలో న్యాయం ఉంది. దివాలా ముందు ఏ హామీ నిలవదు. రాక్ ఐలండ్ రైల్వే 1980 మార్చి 31న మూతపడినప్పుడు, దాని ఆస్తుల నుంచి కార్మికులకు 7.5 కోట్ల డాలర్ల వరకు ఇవ్వాలని పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసింది. ఒక్క కంపెనీ కోసం దివాలా చట్టం రాయకూడదు, దేశమంతటికీ ఒకేలా ఉండాలి అని 1982లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 1939లో కార్మికుల హక్కును నిలబెట్టిన కేసు ఆ రాక్ ఐలండ్‌దే. ఆ కార్మికుల చేతికి చివరికి ఆ డబ్బు రాలేదు. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

పాత_టైమ్‌టేబుల్
మిస్సోరీ గారి ప్రశ్న మధ్యలో జారిపోయింది. ఆరేళ్ల మాట అమ్‌ట్రాక్ నుంచి వచ్చింది. 1971లో ప్రయాణికుల బండ్లను ప్రభుత్వ సంస్థకు అప్పగించినప్పుడు, పని పోయిన వాళ్లకు ఆరేళ్ల రక్షణ ఇచ్చారు. 1976లో ఇంకో చట్టం చేసి, ఇకపై ఏ విలీనంలోనైనా దానికి తగ్గకూడదు అన్నారు. దాన్ని అమలు చేస్తూ 1979లో కమిషన్ షరతుల పట్టిక తయారుచేసింది. ఏ కేసులో అంటే, బ్రూక్లిన్ రేవులో న్యూయార్క్ డాక్ రైల్వే అనే చిన్న కంపెనీ, పక్కనే ఉన్న ఇంకో చిన్న రేవు కంపెనీని తీసుకున్న కేసులో. రెండూ వ్యాగన్లను పడవల మీద నీళ్లు దాటించే కంపెనీలు. ఆ చిటికెడు రైల్వే పేరే ఇవాళ్టికీ దేశమంతా నడుస్తోంది. మీ పక్కింటాయన ఫైలు మీద ఉన్నది ఆ పేరే.

యార్డు_గుమస్తా
ఇంతసేపు చదివి ఊరుకుందామనుకున్నాను. ఆ ఫారాలు నేనూ నింపాను కాబట్టి రాస్తున్నాను. కంపెనీ పేరు చెప్పను. బండ్లకు సిబ్బందిని ఫోను చేసి పిలిచే ఆఫీసులో గుమస్తాను. విలీనం తరువాత మా ఆఫీసు మూసి, పని మొత్తం ఆరు వందల మైళ్ల దూరంలో ఉన్న ఊరికి మార్చారు.

ఇక్కడ ఎవరూ చెప్పని విషయం ఒకటి. ఉద్యోగం పోయిన వాళ్లు భత్యం వద్దు, ఒకేసారి మొత్తం తీసుకుని రాజీనామా చేస్తాం అనవచ్చు. తేల్చుకోవడానికి ఇచ్చేది ఏడు రోజులు. నాతో పనిచేసిన ఆవిడ వంటింటి బల్ల మీద ఆ కాగితం పెట్టుకుని ఏడు రాత్రులు కూర్చుంది. ఆ ఒకేసారి ఇచ్చే మొత్తం ఎంతో ఎక్కడ రాసి ఉందో తెలుసా? పైన పాత_టైమ్‌టేబుల్ గారు చెప్పిన 1936 ఒప్పందం తొమ్మిదో సెక్షన్‌లో. పదిహేనేళ్లు దాటిన వాళ్లకు పన్నెండు నెలల జీతం. ఆమె తీసుకుంది. భర్త ఉద్యోగం ఆ ఊళ్లోనే, వెళ్లలేదు.

నేను వెళ్లాను. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. ఇంటి విషయంలో మాత్రం ఆ షరతులు రాసిన వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. విలీనం వార్త బయటపడక ముందు ఇంటికి ఏ ధర పలికేదో ఆ ధర చూడాలి అని ఉంది. ఆఫీసు మూస్తున్నారని తెలిస్తే ఊళ్లో ఇళ్ల ధరలు పడిపోతాయని వాళ్లకు తెలుసు.

నెల ఫారం మాత్రం నరకం. పాత పన్నెండు నెలల సగటు ఒక గడిలో, ఈ నెల సంపాదన ఇంకో గడిలో, మనంతట మనం పెట్టిన సెలవులు మూడో గడిలో. అమ్మాయిని పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లిన రోజును కూడా తేడాలోంచి కోశారు. ఇంకో మాట. మన సీనియారిటీకి దొరికే ఎక్కువ జీతం పని ఉండి, దానికి వెళ్లకపోతే, వెళ్లినట్టే లెక్కగట్టి తేడా తగ్గిస్తారు. అది రాత్రి పని అయినా సరే.

గుంతకల్లు_జంక్షన్
గుమస్తా గారూ, పళ్ల డాక్టరు మాట దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో ఆవిడకు చదివి వినిపించాను. “అమ్మాయి పళ్లు బాగున్నాయా” అని అడగమంది.

యార్డు_గుమస్తా
బాగున్నాయండీ. ఇప్పుడు తనే డెంటల్ చదువుతోంది.

లాలాగూడ_ఫిట్టర్_గారబ్బాయి
మన దగ్గర ఇంకో రకం. మా నాన్నగారు నిజాం స్టేట్ రైల్వేలో లాలాగూడ వర్క్‌షాపులో ఫిట్టరు. 1951 నవంబర్‌లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే వచ్చింది. అదే బల్ల, ఇనుము బిగించే అదే వైసు, గేటు మీద మాత్రం మూడు బోర్డులు చూశారు. ఉద్యోగం పోతుందన్న భయం లేదు, సర్కారు కొలువు కదా. ఆయన బెంగంతా సీనియారిటీ జాబితా. అది గోడకు అంటించిన రోజు, వేలితో ఒక్కో పేరూ దిగుతూ తన పేరు దాకా వచ్చి ఆగేవారట.

వకీలు_విశాఖ
మన చట్టంలోనూ రైల్వే కథ ఒకటుంది. 1954 జనవరి 1న బార్సీ లైట్ రైల్వేను ప్రభుత్వం తీసుకుంది. పాత కంపెనీ నుంచి రిట్రెంచ్‌మెంట్ (మనుషులు ఎక్కువయ్యారని ఉద్యోగంలోంచి తీసేయడం) పరిహారం రావాలని కార్మికులు అడిగారు. సంస్థ మొత్తం చేతులు మారితే అది రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదని 1956లో మన సుప్రీంకోర్టు అన్నది. ఆ దెబ్బతో 1957లో పారిశ్రామిక వివాదాల చట్టాన్ని సవరించి, సంస్థ చేతులు మారినా, మూతపడినా పరిహారం రాశారు. అయినా అది ఏడాది సర్వీసుకు పదిహేను రోజుల జీతం లెక్క. న్యూయార్క్ డాక్ ముందు చిన్నదే.

రెక్కల_బండి
విమానాల వాళ్ల తరఫున నేను. మాకూ రైల్వేల నుంచే వచ్చింది. 1972లో అలెగెనీ, మోహాక్ కంపెనీలు కలిసినప్పుడు పౌర విమానయాన బోర్డు ఇలాంటి షరతులే పెట్టింది. తరువాత నియంత్రణ ఎత్తేశారు, బోర్డు పోయింది, షరతులూ పోయాయి. 2001లో టీడబ్ల్యూఏ విమాన కంపెనీని అమెరికన్ ఎయిర్‌లైన్స్ తీసుకున్నప్పుడు, ముప్ఫై ఏళ్లు చేసిన ఎయిర్ హోస్టెస్‌లను సీనియారిటీలో అందరికన్నా కిందకు తోశారు. ఆ గొడవ వల్లే 2007లో మెకాస్కిల్–బాండ్ చట్టం వచ్చింది. అది సీనియారిటీ జాబితాలను న్యాయంగా కలపాలంటుంది, అంతే. డబ్బు ఊసు లేదు.

మిస్సోరీ గారూ, మీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉందనిపిస్తోంది. అనుమతి ఇచ్చే పెద్దమనిషి ఉంటే షరతు ఉంటుంది. మీ కంపెనీ అమ్మకానికి, కార్మికులను దృష్టిలో పెట్టుకుని అనుమతి ఇచ్చే వాళ్లు ఎవరూ లేరు.

వకీలు_విశాఖ
సరిగ్గా చెప్పారు. ఇంకో మెలిక కూడా ఉంది. కమిషన్ అనుమతించిన విలీనానికి గుత్తాధిపత్య చట్టాలతో సహా వేరే చట్టాలేవీ అడ్డురావు. కంపెనీకి అది వరం. బదులుగా కార్మికుడికి రక్షణ ఇవ్వాలి. తక్కెడలో ఇటొకటి, అటొకటి.

1991లో ఆ తక్కెడ ఒరిగింది. విలీనమైన రైల్వేలు, వర్జీనియాలోని రోనోక్‌లో ఇంజన్లను బండ్లకు కేటాయించే పనిని అట్లాంటాకు మార్చాయి. జార్జియాలోని వేక్రాస్‌లో వ్యాగన్లు బాగుచేసే షాపును కెంటకీకి తరలించాలనుకున్నాయి. కార్మిక ఒప్పందాలు దీన్ని ఒప్పుకోవు కదా అని సంఘాలు కోర్టుకెళ్లాయి. వేరే చట్టాలేవీ అడ్డురావు అన్న మాటలో కార్మికుడితో రాసుకున్న ఒప్పందం కూడా ఉంది, విలీనానికి అవసరమైతే దాన్నీ పక్కన పెట్టవచ్చు అని సుప్రీంకోర్టు అన్నది. ఆరేళ్ల డబ్బు చేతికిచ్చి, అరవై ఏళ్లుగా బేరమాడి తెచ్చుకున్న పని నియమాలను లాక్కోవడానికి దారి దొరికింది. నాకు ఇది పచ్చి అన్యాయంగా కనిపిస్తుంది.

లెక్కల_మాస్టారు
ఇది మాత్రం నేనూ సమర్థించలేను. సంతకం చేసిన కాగితానికి విలువ ఉండాలి. లేకపోతే లెక్కలు దేని మీద వేస్తాం?

పాత_టైమ్‌టేబుల్
1995 చట్టంతో కమిషన్ రద్దయి, 1996 జనవరి 1 నుంచి సర్ఫేస్ ట్రాన్స్‌పోర్టేషన్ బోర్డు వచ్చింది. పెద్ద కంపెనీల విలీనాల్లో రక్షణ అలాగే ఉంది. చిన్న కంపెనీలకు మాత్రం మినహాయింపులు పెరిగాయి. ఇప్పుడు యూనియన్ పసిఫిక్ రైల్వే 2025 జులైలో నార్ఫోక్ సదరన్ రైల్వేను కొంటానని ప్రకటించింది కదా. కొన్ని సంఘాలు ఉద్యోగ జీవితం మొత్తానికి హామీ రాయించుకుని మద్దతిచ్చాయి, కొన్ని వ్యతిరేకించాయి. ఆరేళ్లు చాలవని రెండు పక్షాలకూ తెలుసు.

చిన్నరైలు
జీవితకాల హామీ అంటే పెన్ సెంట్రల్ గుర్తొచ్చి గుండె దడదడలాడుతోంది.

యార్డు_గుమస్తా
ఆ రెండు కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. ఇప్పటి నుంచే జీతం చీటీలు దాచుకోండి, పన్నెండు నెలలవీ. ఓవర్‌టైమ్ గంటలతో సహా. సగటు కంపెనీ వాళ్లు వేస్తారు. నాది మొదటిసారి తప్పు వేశారు. చీటీలు ఉన్నాయి కాబట్టి సరిచేయించుకున్నాను. నా స్నేహితురాలి దగ్గర లేవు.

మిస్సోరీ_తీరం
అందరికీ కృతజ్ఞతలు. ఇందాక పక్కింటికి వెళ్లి గుమస్తా గారు చెప్పిన మూడో గడి గురించి అడిగాను. పెద్దాయన మాట్లాడకుండా ఫైలు తెరిచి ఒక ఫారం తీసి చూపించారు. ఆ నెలలో రెండు రోజులు కోశారు. పక్కన పెన్సిల్‌తో ‘అమ్మ అంత్యక్రియలు’ అని రాసి ఉంది. ఆ రెండు రోజుల కోసం సంఘం ద్వారా ఏడాదిన్నర పోరాడి గెలిచారట. ఎంత వచ్చిందని అడిగితే, అది గుర్తులేదు అన్నారు.